బేసిన్‌లో చివరి ముద్ద

మా వీధిలో నా ముక్కుకి పేరుంది. ఎవరింట్లో పాలు విరగబోతున్నా, ఎవరి పప్పు డబ్బాలో పురుగు పట్టబోతున్నా నాకు ముందే తెలిసిపోతుందంటారు. ఆవకాయలు కలిపే రోజుల్లో అయితే ఇరుగుపొరుగు ఆడవాళ్లు చిన్న గిన్నెలో రెండు చెంచాల నూనె పోసుకొచ్చి, "ఇది బాగుందో లేదో చూసి చెప్పండి" అని గుమ్మంలో నిలబడేవారు. నేను దాన్ని అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది, కాస్త వేడెక్కాక వాసన చూసి చెప్పేదాన్ని. ఎప్పుడూ తప్పలేదు. అందుకు నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. లేదని ఇప్పుడు అబద్ధమాడి ఏం లాభం.

కోపం కూడా ఆ ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. ఆయన ధవళేశ్వరం దిగువన ఒక కాలువ లాకు దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి పైవాళ్లకి ఫోన్‌లో చెప్పడం ఆయన పని. మా ఇల్లు లాకుకి పిలిస్తే పలికేంత దూరంలో, కాలువ గట్టు మీద. మాకు ఒక్కతే అమ్మాయి. ఇంటర్ అయ్యాక నర్సింగు చదువుతానని హాస్టల్‌కి వెళ్లింది. అప్పటినుంచి క్రిస్మస్‌కో ఈస్టర్‌కో చుట్టపుచూపుగా రావడమే. వచ్చినా సగం రోజులు నిద్రపోయేది.

మొదటి లాక్‌డౌన్ పెట్టినప్పుడు హాస్టల్ మూసేశారు. పెట్టె పట్టుకుని వచ్చింది. వారం అనుకున్నది నెలైంది, నెలలు ఏడాదయ్యాయి. పెరట్లో మంచం వేసుకుని, ఫోన్‌ని నీళ్ల బిందెకి ఆనించి క్లాసులు వినేది. సాయంత్రం ముగ్గురం లాకు వంతెన మీద నడిచేవాళ్లం. వీధిలో అందరికీ బీపీ చూసేది. మాస్కు కిందికి జారి నా ముక్కు బయటికొస్తే చాలు, "అమ్మా, నీ పేరుమోసిన ముక్కు లోపల పెట్టు" అని ఆటపట్టించేది. లోకమంతా భయంతో చస్తుంటే నేను మాత్రం సంతోషంగా ఉన్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ప్రార్థనలో మోకాళ్ల మీద కూడా చెప్పలేదు. పోయిన పిల్ల తిరిగొచ్చినట్టుంది, మూడు కంచాలు పెడుతున్నాను, అంతకంటే నాకేం కావాలి.

చదువు అయిపోయింది. రెండో వేవ్ మొదలైంది. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. స్టాఫ్ నర్సు ఉద్యోగం, కోవిడ్ వార్డు, వచ్చే సోమవారం చేరాలి. అది ఎగిరి గంతేసింది. నా గుండెల్లో రాయి పడింది.

అప్పుడు నేనొక పని చేశాను. శనివారం సాయంత్రం ఉన్నట్టుండి మంచం మీద కూలబడి, చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని, ఊపిరి అందనట్టు ఒగర్చాను. నలభై ఎనిమిదేళ్ల ఆడదాన్ని, బడి ఎగ్గొట్టే పిల్లలా. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా వేలికి ఆక్సీమీటరు పెట్టింది. తొంభై తొమ్మిది చూపించింది. అది ఆ అంకె వంక చూసింది, నా మొహం వంక చూసింది. లేచి వెళ్లి ఆసుపత్రికి ఫోన్ చేసి, మా అమ్మకి బాగోలేదండి, పది రోజులు గడువు ఇవ్వండి అని అడిగింది.

మర్నాడు పొద్దున నేను ప్రహరీ మీంచి పక్కింటావిడతో, నిన్న ఊపిరందని మనిషిని కానట్టు, గొంతెత్తి మాట్లాడుతుంటే మా అమ్మాయి వెనకాల నిలబడి అంతా వింది. లోపలికి రాగానే చెప్పింది. గొంతు పెంచలేదు, దానికే నాకు భయమేసింది.

"అమ్మా, అక్కడ వార్డంతటికీ ఒక్క నర్సే తిరుగుతోంది. నువ్వు ఆడిన నాటకానికి పది రోజులు పోయాయి. నాకు ముందే తెలుసు, అయినా నువ్వు ఏడుస్తావని ఆగాను. ఇంకోసారి నువ్వు నిజంగా పడిపోయినా నేను నమ్మను."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా బుద్ధి రాలేదు. ఆ రాత్రి ప్రార్థన చేశాను. ప్రభువా, దీన్ని ఎలాగైనా ఆపు, ఎలా ఆపుతావో నీ ఇష్టం అన్నాను. అలాంటి మాట దేవుడి దగ్గర అనకూడదని ఇప్పుడు తెలుసు.

ఆపలేకపోతే పోనీ, ఆవకాయైనా కలిపి పంపుదామనుకున్నాను. హాస్టల్ తిండి, మాస్కులు విప్పడానికి కూడా తీరికుండని డ్యూటీలు, కనీసం అన్నంలో నా చేతి ఆవకాయ ఉంటే రెండు ముద్దలు ఎక్కువ తింటుంది. కారం, ఆవపిండి పట్టించడానికి రావులపాలెం మిల్లుకి వెళ్తానన్నాను. "ఈ ఏడాది ఆవకాయ లేకపోతే ఎవరం చచ్చిపోం, వెళ్లకు" అంది అమ్మాయి. నేను వింటానా. నన్ను ఒక్కదాన్ని పంపలేక తనే స్కూటీ మీద తీసుకెళ్లింది. మధ్యాహ్నం పన్నెండు కొడితే కర్ఫ్యూ కాబట్టి మిల్లు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మేమిద్దరం ఆ కారం ఘాటులో తుమ్ముతూ, దగ్గుతూ గంటన్నర నిలబడ్డాం. ఎవరి తుమ్ము కారానిదో, ఎవరిది రోగానిదో ఎవరికి తెలుసు.

అది జరిగిన వారానికి వచ్చింది ప్రయాణం. రాజమండ్రి నుంచి ఆసుపత్రివాళ్లు కారు పంపుతున్నారు. అందులో అప్పటికే ముగ్గురు నర్సులుంటారు. పదకొండుకి మా గట్టు మీదికి వచ్చి దీన్ని ఎక్కించుకుని పోతారు.

నేను తెల్లవారకముందే లేచాను. ఒళ్లంతా నొప్పులు. ముందురోజు పక్కింటి చెట్టు కాయలు కత్తిపీట మీద టెంకతో సహా కొట్టాను కదా, అందుకే అనుకున్నాను. ముక్కలు తుడిచి ఆరబెట్టాను. మేం పప్పునూనె అంటాం, నువ్వుల నూనె, అది ప్రతి ఏటా గానుగ నుంచి తాజాగా తెచ్చుకుంటాను. ఈసారి గానుగ మూతబడింది. అటక మీద కిందటేడు మిగిలిన డబ్బా ఉంటే దింపాను. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ చెడు వాసనా లేదు. ఇంకోసారి చూశాను. ఏమీ లేదు. డబ్బా మూత బిగించి ఉంచాను కాబట్టి నూనె చెక్కుచెదరలేదని మురిసిపోయి పోసేశాను. అసలు వాసనే లేదేమిటని నాకు తట్టలేదు. నా ముక్కు మీద నాకంత నమ్మకం.

ఆవకాయ జాడీలోకి ఎత్తాక కలిపిన బేసిన్‌ని ఎవరం కడగం. అంచులకి అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి కలిపి, ఇంట్లో అందరికీ చేత్తో ముద్దలు పెడతాం. పెద్ద బేసిన్, చుట్టూ చేరిన నోళ్లు, చివర మిగిలింది అమ్మది. మా అమ్మ అలాగే పెట్టింది, నేనూ అలాగే పెడుతున్నాను. ఆ రోజు తొమ్మిదింటికి అన్నం కలిపి అమ్మాయిని పిలిచాను. అది ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో సర్టిఫికెట్లు ఫైల్‌లో పెట్టుకుంటూనే నోరు తెరిచింది. ఒక ముద్ద. రెండు. మూడు.

"ఎలా ఉందే?"

"బావుందమ్మా."

చాలు అని వెళ్లిపోయింది. వేళ్లకి అంటుకున్నది నాకుతూ, మిగిలిన అన్నం ముద్ద చేసి నా నోట్లో పెట్టుకున్నాను.

ఏమీ లేదు. కారం లేదు, పులుపు లేదు, వెల్లుల్లి లేదు. నోట్లో మెత్తగా ఏదో ఉంది, అంతే. బేసిన్‌లోకి వంగి ఊపిరి పీల్చాను. కొత్త ఆవపిండి కలిపిన బేసిన్ అది. ఏమీ రాలేదు. కాఫీ పొడి డబ్బా తీశాను. మాగాయ సీసా మూత తీశాను. చూరుకి కట్టిన ఎండు చేపల సంచిలో మొహం పెట్టాను. పక్కింటి పిల్లి గోడ మీంచి ఆ సంచి వైపే చూస్తోంది, నాకు మాత్రం ఏమీ తెలియడం లేదు.

అప్పటికి టీవీలోనూ ఫోన్‌లోనూ ఈ సంగతి అందరం విన్నదే. ఈ చేత్తోనే ఇప్పుడే మూడు ముద్దలు పెట్టాను.

నిజం చెప్పాలి. నాకు మొదట భయం వేసింది. ఆ వెంటనే, ఒక్క క్షణం, ఆనందం వేసింది. ఇక ఇది వెళ్లదు అనుకున్నాను. ప్రభువు విన్నాడు అనుకున్నాను. ఆ క్షణానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

తర్వాత, నిజంగా పడిపోయినా నమ్మను అని అది అన్న మాట గుర్తొచ్చింది. వెళ్లి చెబితే నమ్మదు. మళ్లీ నాటకం అంటుంది. నా మొహం వంక ఒకసారి చూసి వెళ్లిపోతుంది, ఆ చూపు నేనిక మర్చిపోలేను. పోనీ చెప్పకుండా ఊరుకుంటే కారులో ముగ్గురు ఆడపిల్లలు, అద్దాలు బిగించి, నాలుగైదు గంటల ప్రయాణం. దిగాక వార్డు. ఊపిరి అందక పడుకున్నవాళ్ల మీదికి వంగే పిల్ల. వంటింట్లో పీట మీద కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉండిపోయాను. తొమ్మిదిన్నర. పావు తక్కువ పది. నడవలో పెట్టె జిప్పు వేస్తున్న చప్పుడు వినిపించింది.

చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నడవ గుమ్మం దాకా వెళ్లాను. లోపలికి వెళ్లలేదు.

"అమ్మలూ, నాకు వాసన తెలియడం లేదే."

అది తల కూడా ఎత్తలేదు. "ఊఁ."

"నిజంగానే. ఆవకాయ రుచి కూడా తెలియలేదు. పొద్దున్నుంచి ఒళ్లు నొప్పులు. నువ్వు ఆ కారు ఎక్కకూడదు. నీకు నేను ముద్దలు పెట్టాను."

అప్పుడు తలెత్తింది. కోపం ఉంటే బాగుండేది. అలసట ఉంది.

"అమ్మా, నేను వెళ్లేది నిన్ను వదిలేయడానికి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి. ఇంకో గంటలో కారొస్తుంది. ఈ గంటైనా నన్ను మంచిగా వెళ్లనియ్యవా?"

"నీ మీద ఒట్టు పెట్టమంటావా?"

"వద్దు. కిందటిసారి కూడా నువ్వు పెట్టే ఉండేదానివి, నేను అడగలేదు కాబట్టి సరిపోయింది."

ఒళ్లు మండింది, అంతలోనే సిగ్గేసింది. ఏం పెట్టి నమ్మించాలి. ఆక్సీమీటరు పెడితే మళ్లీ తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో చూపిస్తుంది. జ్వరం లేదు. లేని వాసనని ఎవరికి ఎలా చూపించను.

సరిగ్గా అప్పుడు మా ఆయన లాకు దగ్గర్నుంచి వచ్చారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, నీళ్లు లేని లాకు తలుపులకి గ్రీజు రాయిస్తున్నారు. కూతురిని సాగనంపడానికి పరుగున వచ్చారు. పెరటి తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, ఇటు మా మొహాలు చూడకుండానే వంటింట్లోకి వెళ్లారు. ఆయనకి బేసిన్ అంటే చిన్నపిల్లాడి కంటే ఎక్కువ ఆశ.

"ఆగండి, ముట్టుకోకండి" అన్నాను. అప్పటికే అంచున మిగిలిన గుజ్జుని వేలితో గీసి నోట్లో పెట్టుకున్నారు. వెంటనే పెరట్లోకి వెళ్లి ఉమ్మేశారు.

"ఇదేం నూనె పోశావే? మక్కిపోయిన వాసన. డబ్బా కంపు కొడుతోంది."

"నాకు తెలియలేదండి" అన్నాను. "వాసన చూసే పోశాను. నాకు వాసన రావడం లేదు."

ఆయన నన్ను నమ్మారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను కంపు కొట్టే నూనె పోయలేదని ఆయనకి తెలుసు. కానీ ఆయన నా వంక చూడటం లేదు. మా అమ్మాయి వంక చూస్తున్నారు. అది పెట్టె పట్టీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నువ్వు తిన్నావా తల్లీ?"

"మూడు ముద్దలు తిన్నాను నాన్నా."

"కంపు తెలియలేదా?"

అది పెట్టె పట్టీ వదిలేసింది. "నాకేమీ తెలియలేదు. రాత్రి నిద్రలేక నోరు చప్పగా ఉందనుకున్నాను. అమ్మ బాధపడుతుందని బావుందన్నాను."

నడవలో ముగ్గురం మూడు మూలలకి జరిగి నిలబడ్డాం. ఎవరు ముందు కదిలామో గుర్తులేదు. పెట్టె మధ్యలో ఉంది.

పదకొండుకి కారు వచ్చింది. మా అమ్మాయి రెండు మాస్కులు పెట్టుకుని, గేటు కూడా తీయకుండా, మెట్ల మీంచే చెప్పింది. "నాకు లక్షణాలున్నాయి. దగ్గరికి రాకండి. ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తాను. మీరు బయల్దేరండి, కర్ఫ్యూ పడిపోతుంది." వెనక సీటులోంచి ఒక అమ్మాయి అద్దం దించి, "ఎప్పుడొస్తావే?" అని అడిగింది. "తెలీదు" అంది. కారు గట్టు మీద మలుపు తిరిగేదాకా చూసి, గోడకి ఆనుకుని ఏడ్చింది. వెళ్లి పట్టుకోలేకపోయాను. నేను కోరుకున్నదే జరిగింది, నా పిల్ల ఇంట్లోనే ఉంది, దాన్ని ముట్టుకునే దారి లేదు.

ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. ఆయనకి రాలేదు. ఆయన లాకు గదిలో పడుకునేవారు, వండి తెచ్చి మా గుమ్మాల ముందు స్టూళ్ల మీద పెట్టి వెళ్లేవారు. నేను ముందు గదిలో, అది పెరటి గదిలో. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపుకి అటూ ఇటూ పద్నాలుగు రోజులున్నాం. నాకు నాలుగు రోజులకే జ్వరం తగ్గింది. దానికి తగ్గలేదు. ఏడో రోజు ఆక్సీమీటరు ఎంత చూపిస్తోందే అని అడిగితే, "తొంభై ఏడు" అంది. గొంతు తేడాగా ఉంది. "ఫోటో తీసి పంపు" అన్నాను. చాలాసేపటికి పంపింది. తొంభై రెండు. ఆ రోజంతా తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాను. బోర్లా పడుకోమని దాని స్నేహితురాలెవరో ఫోన్‌లో చెబుతోంది. అది దగ్గుతుంటే ఒక్కో దగ్గూ లెక్కపెట్టాను. ప్రార్థన చేద్దామంటే నోరు రాలేదు. కిందటిసారి అడిగింది ఇచ్చేశాడు, ఈసారి ఏ మాటకి ఏం చేస్తాడో అని భయం.

మర్నాడు తొంభై నాలుగైంది. సాయంత్రం తలుపవతల నుంచి పిలిచింది.

"అమ్మా, నేను ఆగిపోవాలని కోరుకున్నావు కదూ?"

"కోరుకున్నాను."

"ఇలాగా?"

"ఇలాగ కాదు. ఎలాగో ఆలోచించలేదు. నువ్వు వెళ్లిపోతే ఈ ఇంట్లో ఎవరి కోసం లేవాలో నాకు తెలియలేదే. అంతే."

మెల్లగా నవ్వింది, నవ్వగానే దగ్గొచ్చింది. "నిజం చెప్పావు. ఈసారి ఆక్సీమీటరు పెట్టక్కర్లేదు."

ఆ పాడు ఆవకాయ జాడీని ఆయన కొబ్బరి చెట్టు మొదట్లో గొయ్యి తీసి పాతేశారు.

తేరుకోవడానికి నెల పట్టింది. ముందుగా మా అమ్మాయికి వాసన తిరిగొచ్చింది. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ, "నాన్నా, సాంబారు మాడుతోంది" అని అరిచింది. నేను పొయ్యి పక్కనే ఉన్నాను. కాలువలకి నీళ్లు వదిలారు, లాకు దగ్గర చప్పుడు మొదలైంది. ఆసుపత్రివాళ్లు ఉద్యోగం ఉంచారు, ఎప్పుడొస్తావని రోజూ అడుగుతున్నారు. అది మాత్రం ఇంకో వారం, ఇంకో వారం అంటోంది. నా ముక్కు బాగయ్యాకే కదులుతానంటోంది. ఇద్దరికీ నెగెటివ్ వచ్చింది, నాకు నీరసం పోయింది, అయినా నన్ను ఇలా వదిలి వెళ్లనంటుంది. ఇప్పుడు దాన్ని ఆపుతున్నది నేను కాదు, నా ముక్కు.

చివరి కాపు కాయలు దొరికాయి. గానుగ తెరిచారు. నూనె వాసన ఆయన చూశారు, అమ్మాయి చూసింది, నేను చూడలేదు. అమ్మాయీ నేనూ కలిసి కలిపాం. ఆసుపత్రి కారు మళ్లీ వచ్చి గేటు దగ్గర ఉంది. వస్తానో రానో ఇంకా చెప్పలేనని అమ్మాయి డ్రైవరుతో అంది. బేసిన్‌లో వేడన్నం వేసి, ఈసారి తనే కలిపి, మొదటి ముద్ద నా నోటి దగ్గర పెట్టింది.

"తిని చెప్పు. వెల్లుల్లి తెలుస్తోందా?"

నమిలాను. మెత్తగా, వేడిగా ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

"తెలుస్తోంది" అన్నాను. "ఆవ ఘాటు కూడా. ఉప్పు కాస్త ఎక్కువేశావు."

నా మొహం వంక చూసింది. మంచం మీద కూలబడి ఒగర్చిన రోజున, వేలికి తొంభై తొమ్మిది చూపించినప్పుడు చూసిన చూపే. నేను కళ్లు దించలేదు. అది చేయి కడుక్కుని, జాడీ మూతకి గుడ్డ కట్టి, పెట్టె పట్టుకుని కారెక్కింది.

అద్దం దించి, "బావుందా అమ్మా?" అని అడిగింది.

ఆ ముద్ద ఇంకా నా నోట్లోనే ఉంది. బావుందని చెయ్యి ఊపాను.